ఎంక్వైరీ అమ్మగారు

ఆవిడ పోయిందన్న సంగతి నాకు రావులపాలెం బస్టాండులో తెలిసింది. కొత్తపేట బస్సు కోసం నిలబడి ఉంటే, పలివెలలో ఆవిడ పుట్టింటి వీధిలోనే ఉండే మాస్టారొకాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"మీ ఎంక్వైరీ అమ్మగారు పోయేరటండి, హైదరాబాదులో. నెల్లాళ్ళయిందట," అన్నాడు.

ఇంకెవరైనా అయితే అయ్యో అంటారు. నేను మాత్రం, "మీరు చూశారా, విన్నారా?" అనేశాను.

ఆయన తెల్లబోయి, "విన్నానండి," అన్నాడు.

ఆ ప్రశ్న నాది కాదు, ఆవిడదే. నా ఉద్యోగం ఊడగొట్టిన మనిషి మాట ఇన్నేళ్ళూ నా నాలిక మీద కాపురం చేస్తోందన్నమాట. ముందు ఒళ్ళు మండింది, ఆ వెంటనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈలోగా బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను.

తొంభైల్లో మా కోనసీమ మీద ఆ పెద్ద తుఫాను విరుచుకుపడ్డాక, సాయం చేస్తామంటూ విదేశీ సంస్థలు చాలా దిగాయి. అలాంటి ఒక సంస్థకి అమలాపురంలో ఆఫీసు ఉండేది. అందులో నేను ఫీల్డు ఆర్గనైజర్ని. సంస్థ పేరు చెప్పను, ఇప్పుడు చెప్పి చేసేదేముంది. అల్లవరం అవతల సముద్రం అంచున ఒక పల్లెలో, వేటకెళ్ళి తిరిగిరాని వాళ్ళ భార్యలు ఐదుగురు ఉండేవారు. వాళ్ళకి మనిషికో గేదె ఇప్పించాను. ఆ పని చేసినందుకు నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది, దాచడమెందుకు. ఏడాది తిరిగిందో లేదో, పై ఆఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. ఆ ఐదు గేదెల్నీ నేను అమ్ముకు తిన్నానని.

దాని మీద విచారణకి వచ్చింది ఆవిడ. అలాంటి సంస్థల్లో లోపలివాళ్ళు తప్పు చేస్తే కూపీ లాగడానికే కొందరు ఉంటారనీ, వాళ్ళు ఆ పని మీదే దేశాలు పట్టుకు తిరుగుతారనీ అప్పటిదాకా నాకు తెలీదు. ఎవరో తెల్లదొరసాని వస్తుందనుకుని మేం ఆఫీసులో ఇంగ్లీషు కూడబలుక్కుంటూ కూర్చున్నాం. తీరా చూస్తే వచ్చింది మా పలివెల ఆడపడుచు! యాభై ఐదేళ్ళుంటాయి. నేత చీర, మగవాళ్ళు వేసుకునే చెప్పులు, నల్ల గొడుగు, చంకలో రెక్సిన్ సంచీ. ఆఫ్రికాలో మందుల గోడౌన్ల దగ్గర్నుంచి ఎక్కడో మంచుదేశంలో కంబళ్ళ దాకా పాతికేళ్ళు దొంగల్ని పట్టుకుందట. మాటలో మాత్రం గోదావరి యాస చెక్కు చెదర్లేదు.

హమ్మయ్య, మనావిడే కదా అనుకున్నాను. ఎంత పిచ్చివాణ్ణి.

మొదటి రోజే తెలిసొచ్చింది. అల్లవరంలో బస్సు దిగితే ఆ పల్లెకి మూడు కిలోమీటర్లు నడవాలి. చెరువుగట్ల వెంట బురద. నేను మోపెడ్ తీసుకొచ్చి, వెనక సీటు తుడిచి, "ఎక్కండి మేడమ్ గారూ," అన్నాను.

"నీ మీద ఎంక్వైరీకి నీ బండెక్కి వెళ్తానా? ఏం మనిషివయ్యా నువ్వు!" అంది.

ఆవిడ నడిచింది. నాకేమో ముందు వెళ్ళిపోతే మర్యాద కాదు, దిగి పక్కన నడుద్దామంటే బండి ఎక్కడ పెట్టాలో తెలీదు. అంచేత మూడు కిలోమీటర్లూ ఆవిడ గొడుగు పక్కన మొదటి గేరులో గుర్రు గుర్రుమంటూ పోనిచ్చాను. దారిలో రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవాళ్ళు మమ్మల్ని చూసి విరగబడి నవ్వారు. ఆవిడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆవిడకో పద్ధతి ఉండేది. పెన్ను మూత తీస్తే ఎదురుగా ఉన్నది కూలిమనిషైనా ప్రెసిడెంటైనా "మీరు". మూత పెట్టేస్తే నాలాంటి చిన్నవాళ్ళు "నువ్వు". రెండు రోజుల్లో ఊరంతా ఇది కనిపెట్టేసింది. "మూత తీసేరండి, ఇక జాగర్తగా మాట్లాడండి," అని ఒకరికొకరు సైగలు చేసుకునేవారు. ఎవర్నీ ఏనాడూ "నిజం చెప్పండి" అని అడగలేదు. "ఇంకోసారి చెప్పండి, నేను నెమ్మదిగా రాసుకుంటాను," అనేది. అలా మూడుసార్లు చెప్పించుకునేది. అబద్ధమాడేవాడు మూడోసారికి అలిసిపోయేవాడు. రాసింది మళ్ళీ వాళ్ళ మాటల్లోనే చదివి వినిపించేది, పుస్తకాల భాషలోకి మార్చేది కాదు. సత్యవతి అని, ఐదుగురిలో ఒకామె, తన మాటలు తాను విని, "ఓలమ్మో, నేనిన్ని మాటలన్నానా!" అని నోరు నొక్కుకుంది.

ఎవరేం చెప్పినా మొదట ఆ ప్రశ్న పడేది. "చూశారా, విన్నారా?" విన్నానంటే ఎవరి దగ్గర విన్నారో వాళ్ళ దగ్గరికి వెళ్ళేది. వాళ్ళూ విన్నామంటే ఇంకొకరి దగ్గరికి. నేను గేదెల్ని అమ్మేశానన్న మాట వెంట అలా ఏడిళ్ళు తిరిగింది. ఏడో ఇంటాయన, "నాకు మొదటింటాయనే చెప్పేడండి," అన్నాడు. ఆవిడ పెన్ను మూత పెట్టి, గొడుగు తీసుకుని లేచింది. వారం తిరక్కుండా ఆ ఊళ్ళో కుళాయి దగ్గర ఆడవాళ్ళు కూడా, ఎవరైనా చాడీ మొదలెడితే, "చూశేవా, విన్నావా?" అని గదమాయించడం మొదలెట్టారు.

ఇక గేదెలు. అవి ఎక్కడికీ పోలేదు. ఊళ్ళోనే ఉన్నాయి, కానీ ఆ ఐదుగురి ఇళ్ళ దగ్గర లేవు. భూములున్న రైతుల పాకల్లో కట్టేసి ఉన్నాయి. వాటిలో ఒకటి ఊరి చివర ఒక మామ్మగారి పాకలో ఉంది. ఆవిడకి ఎనభై ఏళ్ళు, గొంతు మాత్రం పక్కూరికి వినపడుతుంది. ఎంక్వైరీ అమ్మగారు గుమ్మంలో కాలు పెట్టీ పెట్టగానే ఎదురు విచారణ మొదలైంది.

"ఎవరమ్మాయివే నువ్వు?"

ఈవిడ ఊరూ, ఇంటిపేరూ చెప్పి, "రెండో అమ్మాయినండి," అంది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! మీ మేనత్తని మా పెద్ద మరిదికే కదే ఇచ్చేరు! అయితే నాకూ మేనకోడలివే. రా, రా, లోపలికి రా!"

ఇంకొకరైతే సంతోషించి అరుగు మీద చతికిలబడేవారు. ఈవిడ మొహం చూస్తే నాకు జాలేసింది. మూత తీసిన పెన్ను మళ్ళీ మూసేసింది. "ఇవాళ మిమ్మల్ని ఏమీ అడక్కూడదండి," అని వెనక్కి తిరిగి వచ్చేసింది. సాక్షితో చుట్టరికం ఉంటే పై ఆఫీసుకి చెప్పి, వాళ్ళు సరేనన్నాకే విచారించాలట. అమలాపురంలో ఎస్టీడీ బూతు నుంచి ఫ్యాక్స్ పంపింది. మర్నాడు జవాబొచ్చింది, చుట్టరికం ఎంత దగ్గరిదో వివరించండి అని. మేనత్త తోడికోడలంటే ఆ దొరలకి ఎలా తెలుస్తుంది? లాడ్జి గదిలో కూర్చుని, తెల్లకాగితం మీద గీతలు గీసి, వంశవృక్షం వేసి పంపింది. దానికి జవాబు రావడానికి ఇంకో రెండు రోజులు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికి చోటు లేదంటారే, అలా అయింది ఆవిడ పని. నేను నవ్వు ఆపుకోలేక, "ఇక్కడ ఇలా మొదలెడితే మీకు సాక్షులే మిగలరండి," అన్నాను.

"మిగలకపోతే ఎవరూ మిగల్లేదని రాస్తాను," అంది.

మూడు రోజుల తర్వాత పై ఆఫీసు సరేనంది. మామ్మగారు అలిగి కూర్చుంది. "మేనకోడలివై ఉండి గుమ్మంలోంచి తిరిగిపోతావా? నేనేమన్నా అంటరానిదాన్నా?" అని గోల. ఎంక్వైరీ అమ్మగారు ఓపిగ్గా బతిమాలి, కాగితం మొదటి లైన్లోనే 'సాక్షి నాకు మేనత్త వరస' అని రాసి, చదివి వినిపించాక గాని మామ్మగారు శాంతించలేదు. అప్పుడు చెప్పింది.

"గేదె మాదెందుకవుతుందే? సత్యవతిది. మేం పాలికి మేపుతున్నాం."

ఇది మా వైపు అందరికీ తెలిసిన ఏర్పాటే. గేదె ఒకరిది, మేత ఇంకొకరిది. పాడిలో ఇద్దరికీ వాటా, దూడ పుడితే దాని ధరలోనూ ఇద్దరికీ వాటా. తుఫానుకి గడ్డివాములన్నీ కుళ్ళిపోయాయి. ఈ ఐదుగురికీ గట్టు లేదు, గడ్డి లేదు, పాక లేదు. తెల్లారకుండా రొయ్యల చెరువుల మీద పనికి పోతే పొద్దుగూకి వస్తారు. గేదెలేమో పైరాష్ట్రం నుంచి తెచ్చిన భారీ రకం, ఒక్కోటీ ఒక మోపు గడ్డి తిని ఇంకా ఏదీ అన్నట్టు చూసేది. ఏంచేస్తారు? గడ్డి ఉన్నవాళ్ళకి పాలికిచ్చారు. పొద్దున్నే ఎవరి వంతు పాలు వాళ్ళింటికి వచ్చేవి. వాళ్ళు చేసింది తెలివైన పని, ఇప్పటికీ అదే అంటాను.

కానీ గేదెలిచ్చినప్పుడు వాళ్ళచేత వేలిముద్రలు వేయించిన కాగితంలో ఒక షరతు ఉంది. గేదెని ఇంకొకరి చేతికి అప్పగిస్తే సంస్థ దాన్ని వెనక్కి తీసేసుకోవచ్చు. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. నా ఉద్యోగం ఒక ఎత్తు. నా మూలంగా ఆ ఐదుగురి కొట్టాల్లోంచి, కాదు, ఆ ఐదుగురి బతుకుల్లోంచి గేదెల్ని తోలుకుపోతే నేను మళ్ళీ ఆ ఊరి మొహం చూడగలనా?

మర్నాడు పంచాయతీ ఆఫీసులో బల్లకి అటు ఆవిడ, ఇటు నేను. పెన్ను మూత తీసింది.

"గేదెల్ని పాలికివ్వమని ఎవరు చెప్పారండి?"

"నేనే చెప్పానండి. పాపం, వాళ్ళకేం తెలీదు. అంతా నాదే."

"ఎప్పుడు చెప్పారు?"

నోటికొచ్చిన తేదీ ఒకటి చెప్పాను. "ఇక్కడే, ఈ గదిలోనే, ఐదుగుర్నీ కూర్చోబెట్టి చెప్పానండి."

ఆవిడ సంచీలోంచి ఒక హాజరు రిజిస్టరు నకలు తీసి నా ముందు పెట్టింది. ఆ రోజు నేను కాకినాడలో మీటింగులో ఉన్నాను. సంతకం నాదే, వంకరగా, నా వెధవ సంతకం.

"చేసింది రాస్తాను. చెయ్యనిది రాయను. మీరు మంచివారని రాసే గడి ఈ కాగితంలో లేదు," అంది.

"అయితే ఆ ఆడవాళ్ళ నోటి దగ్గర కూడు తీసెయ్యండి! మీకు కాగితం ముఖ్యం, మనుషులు కాదు!" అని అరిచాను. బయట నిలబడ్డవాళ్ళు కిటికీ దగ్గరికొచ్చారు. ఆవిడ కోప్పడలేదు. నేను అరవడం అయ్యేదాకా ఆగింది.

"ఈ పాలు లెక్క ఎలాగో చెప్పండి. గడ్డి ఎవరు కోస్తారు, నీళ్ళెవరు పెడతారు, ఈనితే దూడెవరిది, గేదె చస్తే నష్టమెవరిది, అన్నీ చెప్పండి. నేను నెమ్మదిగా రాసుకుంటాను," అంది.

రెండు గంటలు చెప్పించింది. నాలుగు పేజీలు రాసింది. పలివెలలో పెరిగిన మనిషికి ఇదంతా తెలియనిదా? తెలుసు. అయినా తనకి తెలిసింది తను రాయకూడదు, నేను చెప్పాలి. రాసిందంతా చదివి వినిపించింది. అందులో ఆ ఐదుగురూ మోసగాళ్ళలా లేరు, ఇల్లు గడుపుకోవడం తెలిసిన మనుషుల్లా ఉన్నారు. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను.

అప్పుడు, పెన్ను ఇంకా చేతిలో ఉండగానే, "నేను అడగనిది ఏమన్నా ఉందాండి?" అంది.

అంతే. ఇంకేం అనలేదు. నావైపు చూస్తూ కూర్చుంది. ఎంతసేపో నాకు తెలీదు. బయట ఎవరిదో సైకిలు గంట వినపడుతోంది. ఈవిడకి అంతా తెలిసిపోయింది, నేను చెప్తానా లేదా అని చూస్తోంది, అనుకున్నాను.

"ఫోటోలండి," అన్నాను.

మూడు నెలలకోసారి నేను పై ఆఫీసుకి ఫోటోలు పంపాలి. ఐదుగురిలో ఒక్కొక్కామె ఇల్లు, ఇంటి ముందు ఆమె, పక్కన ఆమె గేదె. కింద 'గేదె ఈమె వద్దనే ఉన్నది, నేను స్వయంగా చూసితిని' అని నా సంతకం. పాలికిచ్చారని ఉన్నదున్నట్టు రాస్తే సరిపోయేది. రాస్తే పైవాళ్ళకి అర్థమవదు, ప్రశ్నలు పంపుతారు, నేను మళ్ళీ జవాబులు రాయాలి. ఎవడు పడతాడు? ఫోటో రోజు పొద్దున్నే గేదెల్ని తోలించుకొచ్చి, ఎవరింటి ముందు వాళ్ళది కట్టించి, ఫోటో తీయించి, మళ్ళీ తోలించేసేవాణ్ణి. అలా మూడుసార్లు. ఊరంతా ముచ్చటగా సాయం చేశారు. కొమ్ములకి పసుపు కూడా రాశారు. ఎవరికీ అది తప్పుగా తోచలేదు, నాకూ తోచలేదు. ఇంటికొచ్చే పెళ్ళివారికి ఎదురింటి కుర్చీలు తెచ్చి వేస్తాం చూడండి, అలాగే అనుకున్నాం.

ఆవిడ అంతా రాసుకుంది, మూడుసార్లు చెప్పించుకుని మరీ. చదివి వినిపించింది. సంతకం పెట్టాను. అప్పుడు మూత పెట్టింది.

"మీకు ముందే తెలుసు కదండి?" అన్నాను.

"తెలీదు. అందర్నీ చివర్లో అడుగుతాను, నిన్నూ అడిగాను," అంది.

నా నోరే నా కొంప ముంచింది! కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "ఆ ఒక్క పేరా తీసెయ్యండమ్మగారూ. ఇద్దరు పిల్లలండి నాకు. పైసా తినలేదని మీరే తేల్చేరు కదండి."

"తినలేదని రాశాను. అబద్ధం సంతకం పెట్టావని కూడా రాశాను. ఒకటి ఉంచి ఒకటి తీస్తే, ఉంచినదాన్ని మాత్రం ఎవరు నమ్ముతారు?" అంది. గొడుగు తీసుకుని, బస్సు కోసం అల్లవరం వైపు నడిచింది. నేను వెంట వెళ్ళలేదు.

రెండు నెలలకి సంస్థ నిర్ణయం చెప్పింది. పాలికివ్వడం సబబేనంది, గేదెలు ఐదుగురికీ ఉండిపోయాయి. నాకు మాత్రం ఉత్తరం వచ్చింది, తప్పుడు ధ్రువీకరణ ఇచ్చినందుకు ఉద్యోగం నుంచి తొలగిస్తున్నామని. రిపోర్టు రహస్యం కాబట్టి నేను దొంగతనం చెయ్యలేదని తేలిన సంగతి సంస్థ ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోయిన సంగతి మాత్రం మా కొత్తపేట అంతా తెలిసింది. నిప్పులేందే పొగ వస్తుందా అన్నారు. నాకు 'గేదెల' అని ఇంటిపేరు పెట్టారు. మా ఆవిడ పేరంటానికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. "ఆ మహాతల్లి మన కడుపు కొట్టింది, మన ఉసురు దానికి తగలకపోదు," అని రోజూ దీపం పెట్టేటప్పుడు అనేది. నేను వద్దనలేదు. నేనూ అనుకునేవాణ్ణి.

నేను కొత్తపేటలోనే కొబ్బరికాయల కొట్టు పెట్టుకున్నాను. ఏడేళ్ళు గడిచాయి. ఓ వేసవి మధ్యాహ్నం, కాయలు వలిచేవాళ్ళు భోజనాలకి వెళ్ళిన వేళ, కాయల రాశి అవతల గొడుగు కనపడింది. ఆవిడే. చిక్కిపోయింది, జుట్టు పూర్తిగా నెరిసింది. పలివెల నుంచి ఎండలో నడిచొచ్చినట్టుంది, పమిటచెంగుతో మెడ తుడుచుకుంటోంది.

నేను లేవలేదు. రండి అనలేదు. నా పక్కనే కుర్చీ ఉంది, వెయ్యలేదు.

"బావున్నావా?" అంది.

"మీ దయవల్ల," అన్నాను.

ఆవిడ కాయలవైపు చూసింది. అప్పటికి ఆపుకోలేకపోయాను. "నన్ను వీధిన పడేశారు. ఊరంతా నన్ను దొంగంటోంది. అలా రాయడానికి మీకు చెయ్యెలా వచ్చిందండీ?"

"నువ్వు చేసిందే రాశాను. ఇప్పుడు రాయమన్నా అదే రాస్తాను," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "కానీ చివర్లో ఇంకో మాట రాశాను. ఈయనకి హెచ్చరిక చాలు, తీసెయ్యకండి, ఆ ఊళ్ళో గేదెలు ఎవరివో, ఎవరికెందుకు వెళ్ళాయో తెలిసిన మనిషి మన దగ్గర ఇంకొకరు లేరు అని. వాళ్ళు చదివారు. నిన్ను తీసేశారు. నేను మళ్ళీ రాశాను. మీ పని విచారించడం వరకే అన్నారు."

"మరి ఏడేళ్ళూ ఎందుకు చెప్పలేదండి?" అన్నాను.

"చెప్పకూడదు. రిటైరయినా చెప్పకూడదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏ కాగితంలో ఏముందో ఎవరికీ చెప్పలేదు, మా ఇంట్లో కూడా. నిన్ను దొంగంటున్నారని నిన్న పలివెలలో విన్నాను. అందుకని వచ్చాను. నువ్వు పైసా తినలేదు. ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పు."

అనేసి, మళ్ళీ గొడుగు విప్పుకుని, బస్సు నిలిచే చోటుకి నడిచింది. నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చుండిపోయాను. సాయంత్రం ఇంట్లో చెప్తే, మా ఆవిడ దీపం వెలిగించబోతున్నది ఆగిపోయింది. తర్వాత, "అంతెండలో వచ్చేరా? కాస్త మంచినీళ్ళయినా ఇచ్చేరా?" అని అడిగింది.

ఇచ్చాననే చెప్పాను.

ఇవ్వలేదు. కుండ నిండా నీళ్ళున్నాయి, మూత మీద గ్లాసు బోర్లించి ఉంది, నేను లేవలేదు. వెయ్యి కొబ్బరికాయలు రాశి పోసుకుని కూర్చున్నవాణ్ణి, నాకోసం మండుటెండలో నడిచొచ్చిన మనిషిని నోరెండుతూంటే అలాగే పంపేశాను. అబద్ధానికి ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి కదా, ఆవిడ గురించి ఆడిన ఆ ఒక్క అబద్ధాన్ని మా ఆవిడ ఇప్పటికీ నమ్ముతోంది.